జపనీస్ పాటలకు అకారాది పట్టిక: ఏ పాట ఏ అక్షరం కింద?

నాలుగో ప్లాట్‌ఫాం · శనివారం రాత్రి 11:52

అందరికీ నమస్కారం. కవాసాకిలో ఉంటున్నాను, వచ్చి ఏడాదిన్నర అయింది. నిన్న మా టీమ్ వాళ్లతో భోజనం అయ్యాక రెండో విడత అంటూ కరావోకే గదికి లాక్కెళ్లారు. నా వంతు రాగానే పలకంత రిమోట్ చేతిలో పెట్టి, ఏదైనా జపాన్ పాట పాడమన్నారు. నాకు మొదటి నుంచి చివరి దాకా నోటికొచ్చిన జపనీస్ పాట ఒక్కటే, "సుకియాకి". యూట్యూబ్‌లో వందసార్లు విని నేర్చుకున్నాను.

రిమోట్‌లో "సు" కొట్టాను. సుకియాకి కనబడింది. హమ్మయ్య అనుకుని నొక్కేశాను. తీరా చూస్తే తెర మీద ఇంగ్లీషు మాటలు పడుతున్నాయి. అది 1981లో అమెరికావాళ్లు పాడుకున్న ఇంగ్లీషు పాటట. వరస అదే, నడక వేరు. నేను జపనీస్‌లో ఒక దారి, బాక్సులు ఇంకో దారి. గదంతా ఒకటే నవ్వులు. చివరికి మా మేనేజర్ గారే జాలిపడి రిమోట్ తీసుకుని "ఉ" నొక్కి అసలు పాట పెట్టారు.

దాని పేరు "ఉఎ ఒ ముఇతె అరుకో". తల పైకెత్తి నడుద్దాం అని అర్థం. 1961 నాటి పాట, పాడింది సకమొతొ క్యూ. 1963 జూన్‌లో అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో మూడు వారాలు మొదటి స్థానంలో ఉంది. బయటి దేశాల వాళ్లకు నోరు తిరగదని రికార్డు కంపెనీవాళ్లు తెలిసిన వంటకం పేరు తగిలించారు. సుకియాకి అంటే గొడ్డుమాంసం, కూరగాయలు కలిపి బల్ల మీదే ఉడికించుకునే కూర. పాటలో కూర లేదు, పొయ్యి లేదు. కన్నీళ్లు కింద పడకుండా తల పైకెత్తి నడిచే ఒంటరివాడు ఉన్నాడు.

అసలు సిగ్గుపడాల్సింది ఇక్కడ. మా కేక్యూ కవాసాకి స్టేషన్‌లో రైలు వచ్చేటప్పుడు మోగే ట్యూన్ అదే. సకమొతొ క్యూ ఈ ఊరివాడు కాబట్టి పెట్టారు. ఏడాదిన్నరగా పొద్దునా సాయంత్రం వింటున్న పాట పేరు నాకు తెలియదన్నమాట.

అందుకే ఈ చర్చా దారం మొదలుపెడుతున్నాను. పేరులో మొదటి అక్షరాన్ని బట్టి జపనీస్ పాటలకు పట్టిక చేద్దాం. రిమోట్ చేతికొచ్చినప్పుడు ఏ అక్షరం నొక్కాలో తెలియాలి, అంతే. నా వంతుగా నాలుగు:

అ: అకతొంబొ (తూనీగ పాట. మికి రొఫూ కవితకు యమద కోసకు 1927లో కట్టిన బాణీ)
ఉ: ఉఎ ఒ ముఇతె అరుకో
క: కవ నొ నగరె నొ యో ని (మిసొర హిబరి, 1989 జనవరి. అదే ఏడాది జూన్‌లో ఆవిడ పోయారు)
ఫు: ఫురుసతొ

మిగతావి మీరు వేయండి.

నిద్రలేని మికు · శనివారం రాత్రి 12:20

బ్రో, నీ కథకి చచ్చేలా నవ్వాను. సారీ.

నావి కొన్ని. యొ కింద "యొరు ని కకెరు", యోఅసొబి మొదటి పాట, 2019. అ కింద వాళ్లదే "ఐదొరు", 2023. రె కింద "లెమన్" (జపనీస్‌లో లకి బదులు రే కదా), యొనెజు కెన్షి, 2018. సె కింద "సెంబొన్‌జకుర", 2011. మా మికు పాట లేకుండా పట్టికేంటి! (మనిషి కాదు, 2007లో వచ్చిన కంప్యూటర్ గొంతు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా.)

ఒక డౌట్. "గురెంగె"కి గు అని విడిగా అర పెట్టాలా? "జన్‌కొకు న తెన్షి నొ తేజె"కి జ? "ప్రిటెండర్"కి ప? నేనైతే ఏ బీ సీ డీల్లో పెట్టేద్దామంటా. గొడవే ఉండదు.

ఒసాకా కోడలు · ఆదివారం ఉదయం 7:05

ఏ బీ సీ డీల్లో పెడితే రిమోట్ మీద ఏం నొక్కుతావు తమ్ముడూ? దాని మీద ప్రధానంగా ఉండేవి కానా అక్షరాలు, అంటే జపనీస్‌లో శబ్దాన్ని రాసే అక్షరాలు. గ, జ, ద, బ, ప అని వేరే అరలు ఉండవు. క మీద రెండు చుక్కలు పెడితే గ, స మీద పెడితే జ, త మీద పెడితే ద, హ మీద పెడితే బ. అదే హ మీద చిన్న సున్నా పెడితే ప. కాబట్టి గురెంగె కు అరలో, జన్‌కొకు స అరలో, నీ ప్రిటెండర్ ఫు అరలో. జపనీస్‌లో అది "పురితెందా".

ఇరవై ఏళ్ల కిందట మా పెళ్లయిన కొత్తలో కరావోకే గదుల్లో ఈ పలకలన్నీ ఎక్కడివి! టెలిఫోన్ డైరెక్టరీ అంత లావు పుస్తకం ఉండేది. సగం పాట పేర్ల వరుస, సగం పాడినవాళ్ల పేర్ల వరుస. పేరు పక్కన పాట ఎత్తుగడ కూడా చిన్న అక్షరాల్లో వేసేవాళ్లు. ఆ పుస్తకం ఒళ్లో పెట్టుకుని వేలితో గీత వెంబడి పోతూనే నేను కటకానా (బయటి మాటలు రాసే కానా) చదవడం నేర్చుకున్నాను. ఏ క్లాసూ నేర్పలేదు.

అకారాది మాస్టారు · ఆదివారం ఉదయం 9:30

బాబూ మికూ, నువ్వు వద్దంటున్న ఆ వరుసను ఒక్కసారి పైకి చదువు. అ ఇ ఉ ఎ ఒ. తరవాత క, స, త, న, హ, మ, య, ర, వ. పలక మీద ఓనమాలు దిద్దినవాడికి ఇది పరాయిగా అనిపించకూడదు. బౌద్ధంతో పాటు సిద్ధం లిపీ, సంస్కృత వర్ణక్రమమూ జపాన్ చేరాయి. మంత్రాలు సరిగ్గా పలకాలని ఆ క్రమాన్ని చదువుకున్న సన్యాసులు తమ భాష ధ్వనుల్ని కూడా అలాగే పేర్చుకున్నారు. నోట్లో వెనక పుట్టే కతో మొదలై పెదాల దగ్గరి మతో ముగిసి, ఆపైన య ర వ.

మధ్యలో స, హ ఎందుకు దూరాయని అడగవచ్చు. స ఉన్నది మన చ ఉండే చోట. పూర్వం అది చకు దగ్గరగా పలికేదని భాషావేత్తల మాట. హ ఉన్నది మన ప ఉండే చోట, నకూ మకూ మధ్య. అది ఒకప్పుడు పకారమే. ఇవాళ చిన్న సున్నా పెట్టుకుని ప వెళ్లి హ అరలో కూర్చుంటోందంటే సొంతింటికి వచ్చినట్టు.

అయితే మామూలు జనం ఈ వరుసను వాడటం ఆలస్యంగా మొదలైంది. అంతకు ముందు ఇరొహ అనే పద్యం ఉండేది. 47 అక్షరాలూ ఒక్కొక్కసారే వచ్చేలా అల్లిన పద్యం. జాబితా ఏదైనా దాని వరుసలోనే. 1889, 1891 మధ్య అచ్చయిన "గెన్‌కై" నిఘంటువు అ ఇ ఉ వరుసలో వచ్చింది. క్రమంగా ఇరొహ పక్కకు తప్పుకుంది.

ఇంకొక్క మాట. "త్సు" అని రాయడానికి ఎందుకంత తంటా? మనకు ౘ ఉంది కదా. చుక్క, చుట్టం, చొక్కా అన్నప్పుడు మన నోట పలికేది అదే. చిలుక, చెట్టు అన్నప్పుడు మాత్రం తాలవ్యమైన చ. జపనీస్ త వరుస చూడు: త, చి, ౘు, తె, తొ. ఇ ముందు చి, ఉ ముందు ౘు. మన చకారం నడకే! ఎ, ఏ తేడా, ఒ, ఓ తేడా కూడా మన లిపిలో ఉన్నాయి. జపనీస్ పేర్లు రాసుకోవడానికి తెలుగు కంటే సుఖమైన లిపి ఏముంది?

నిద్రలేని మికు · ఆదివారం ఉదయం 9:41

మాస్టారూ, ౘ నా కీబోర్డులో లేదు 😅

సార్ట్ ఫంక్షన్ · ఆదివారం ఉదయం 10:15

ఈ దారం నా కోసమే పుట్టింది. పదేళ్లుగా డేటాబేసుల్లో పేర్లు వరసగా పేర్చడమే నా పని.

కోడలు గారు చెప్పింది నిజమే, కానీ సగమే. ఫు అర లోపల ఎవరు ముందు, ఎవరు వెనక? "ఫు పాటలన్నీ ముందు, తర్వాత బు, ఆ తర్వాత పు" అనుకుంటారు చాలామంది. కాదు. దీనికి జపాన్ ప్రమాణం ఒకటి ఉంది, జిస్ ఎక్స్ 4061, 1996 నాటిది. ముందు చుక్కలూ సున్నాలూ లేనట్టే చూసి పేరు మొత్తం పోల్చాలి. అప్పటికీ రెండూ ఒకేలా ఉంటేనే చుక్కల సంగతి. దీర్ఘానికి వేసే అడ్డగీత వస్తే, దాని ముందున్న అచ్చు మళ్లీ వచ్చినట్టు లెక్క.

ఉదాహరణకి నాలుగు పాటలు తీసుకుందాం. ఫురుసతొ, 1914. బురూ రైతొ యొకొహమ, అంటే బ్లూ లైట్ యోకోహామా, 1968. పురసుతిక్కు రబు, అంటే ప్లాస్టిక్ లవ్, 1984. పురితెందా, 2019.

చుక్కలు తీసేస్తే నాలుగూ "ఫు". రెండో అక్షరం ర, రి, రు, రు. కాబట్టి ప్లాస్టిక్ లవ్ మొదలు, ప్రిటెండర్ రెండు. మిగిలిన రెంటిలో మూడో అక్షరం చూడాలి. బురూలో దీర్ఘం విప్పితే "ఉ", ఫురుసతొలో "స". ఉ ముందు, స వెనక. అంటే అసలు చుక్కల్లేని ఫురుసతొ అందరికంటే ఆఖరున పడుతుంది!

నాకు ఇలాంటివి చూస్తే కడుపు నిండిపోతుంది. మా ఆవిడకి ఇప్పుడే చెప్పాను. పప్పులో ఉప్పు చూడమంది.

నాలుగో ప్లాట్‌ఫాం · ఆదివారం మధ్యాహ్నం 2:10

వరస సంగతి అర్థమైంది. నాకు అంతకు ముందు మెట్టు దగ్గరే కాలు జారుతోంది. పేరు కాంజీలో, అంటే చైనా నుంచి వచ్చిన బొమ్మల్లాంటి అక్షరాల్లో ఉంటే, మొదటి అక్షరం ఏదో ఎలా తెలుస్తుంది?

మధ్యాహ్నం అన్నం తిని ఒక పాటల జాబితా ముందేసుకున్నాను. ఎరుపు అని అర్థమున్న కాంజీ ఒకటుంది కదా, దానితో మొదలయ్యేవి మూడు పాటలు కనిపించాయి. మూడూ ఒకే అరలో పెట్టేసి చేతులు దులుపుకున్నాను. ఇందాక మా పక్కింటి తాతగారికి చూపిస్తే కళ్లజోడు పైకి నెట్టి చూసి, మూడూ మూడు చోట్ల రాసిచ్చారు.

ఆ కాంజీ ఒంటరిగా ఉంటే "కురెనై". ఎక్స్ జపాన్ వాళ్ల 1989 నాటి పాట, కు అర.
దాని వెనక "తామర పువ్వు" మాట చేరితే "గురెంగె". లిసా, 2019. ఇదీ కు అరే, కాకపోతే చుక్కలతో.
దాని వెనక "ఆకు" చేరితే "మొమిజి". శరత్కాలంలో ఎర్రబడే ఆకుల మీద 1911 నాటి బడి పాట. ఇది మొ అర!

ఒకే బొమ్మ, ఒకే ఎరుపు. కంటికి కవలలు, నోటికి మాత్రం చుట్టరికమే లేదు.

ఒసాకా కోడలు · ఆదివారం మధ్యాహ్నం 3:00

ఇంకా ఉన్నాయి. చెట్టు అనే కాంజీ చూసి "కి" అరకి పరిగెత్తావంటే "మొమెన్ నొ హన్‌కచీఫు" దొరకదు. చెట్టు, దూది రెండూ కలిస్తే మొమెన్, అంటే నూలుబట్ట. నూలు చేతిరుమాలు పాట, 1975. ఊరు వదిలి పట్నం పోయిన కుర్రాడు మారిపోతాడు. ఊళ్లో ఉన్న అమ్మాయి చివరికి ఒకే కానుక అడుగుతుంది, కన్నీళ్లు తుడుచుకోవడానికి ఒక నూలు రుమాలు. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో ఆ పాట విన్నప్పుడల్లా మా నిడదవోలు స్టేషనే గుర్తొచ్చేది.

దిష్టిబొమ్మ పాట ఉంది, సద మసషిది, "కకషి". అందులో మూడు కాంజీలున్నాయి. విడివిడిగా చదివితే "క" అన్న శబ్దమే రాదు.

తప్పు చదివినా బతికిపోయే పాట ఒకటి ఉంది. "నద సోసో". మొదటి కాంజీని మామూలుగా "నమిద" అని చదువుతారు, కన్నీరు. ఇది ఒకినావా మాట కాబట్టి "నద". ఎలా చదివినా న అరే!

సార్ట్ ఫంక్షన్ · ఆదివారం మధ్యాహ్నం 3:25

ఈ చిక్కు కంప్యూటర్‌కీ ఉంది. జపనీస్ ఎక్సెల్‌లో కాంజీ టైపు చేసేటప్పుడు మనం ముందు శబ్దం కొడతాం కదా, ఆ శబ్దాన్ని అది గడి వెనకాల దాచిపెట్టుకుంటుంది. వరస పెట్టమంటే దాన్ని చూసే పెడుతుంది. కానీ ఎక్కడి నుంచో కాపీ చేసి తెచ్చి అతికిస్తే వెనక శబ్దం ఉండదు. అప్పుడు అక్షరాల కోడ్ నంబర్ల వరసలో పడేస్తుంది. మొదటి ఉద్యోగంలో నాలుగు వేల పేర్ల జాబితాని ఇలాగే అతికించి, చక్కగా వరస పెట్టానని పంపించాను. ఆ రోజు సాయంత్రం వచ్చిన ఫోన్ ఇంకా నా చెవిలో మోగుతూనే ఉంది.

కాబట్టి మన పట్టికలో ప్రతి పాటకీ చదివే తీరు విడిగా ఒక గడిలో రాయాలి. వరస దాని మీదే. కాంజీ పక్కన అలంకారానికి.

నిద్రలేని మికు · ఆదివారం సాయంత్రం 5:48

ఇంత కష్టం దేనికి బ్రో? ఫోన్ ముందు కూనిరాగం తీస్తే పాట పేరు చెప్పేస్తోంది కదా.

ఒసాకా కోడలు · ఆదివారం సాయంత్రం 6:30

ఫోన్ చెప్తుంది. కరుత ఆడేటప్పుడు ఫోన్ చూసుకుంటావా?

ఈ దేశంలో పాటనీ పద్యాన్నీ "ఉత" అనే అంటారు. నూరు కవుల నూరు పద్యాల సంకలనం ఒకటుంది, హ్యకునిన్ ఇష్షు. ఫుజివర నొ తెఇక 13వ శతాబ్దంలో కూర్చాడు. కొత్త సంవత్సరంలో దాంతో ముక్కలాట ఆడతారు. ఒకరు పద్యం మొదటి నుంచి చదువుతారు. చాప మీద పరిచిన ముక్కల మీద మాత్రం పద్యం రెండో సగమే ఉంటుంది. ఎత్తుగడ చెవిన పడగానే దాని రెండో సగం ఏ ముక్క మీద ఉందో చూసి ఎదుటివాడికంటే ముందు కొట్టాలి. మా పెద్దమ్మాయి బడి జట్టులో ఆడుతుంది. నాలుగేళ్ల నుంచీ మా ఇంట్లో ఇదే గోల.

వాళ్లు నూరు పద్యాల్నీ మొదటి అక్షరం బట్టే బట్టీ పడతారు. ము, సు, మె, ఫు, స, హొ, సె. ఈ ఏడు అక్షరాలతో ఒక్కొక్క పద్యమే ఉంది. "ము" అని వినబడితే చాలు, చెయ్యి లేచిపోతుంది. అది జకురెన్ అనే సన్యాసి రాసిన వాన పద్యం, "మురసమె నొ". రెండో అక్షరం పుట్టేలోపు ముక్క గోడ దగ్గర ఉంటుంది.

తర్వాత రెండేసి ఉన్నవి ఉ, ౘు, షి, మొ, యు. (మాస్టారూ, మీ ౘ కోసం అమ్మాయి ఫోన్ తీసుకున్నాను!) మూడేసి ఇ, చి, హి, కి. నాలుగేసి హ, య, యొ, క. మి ఐదు. త, కొ ఆరేసి. ఒ, వ ఏడేసి. న ఎనిమిది. మిగిలిన పదహారూ అతో మొదలయ్యేవే. కూడుకోండి, నూరు సరిపోతుంది.

ఈ అతోనే వస్తుంది తంటా అంతా. "అసబొరకె" అని మొదలయ్యేవి రెండున్నాయి, తెల్లవారుజాము మీద. ఐదు అక్షరాలూ రెంటికీ ఒకటే. ఆరోది అ అయితే ఒక ముక్క, ఉ అయితే ఇంకొకటి. ఆ ఐదు అక్షరాలు చదివేంత సేపూ పిల్లలు చాప మీదకి వంగి చెయ్యి గాల్లో ఆపి ఊపిరి బిగపడతారు. హాల్లో ఈగ వాలినా వినబడుతుంది. చూసే తల్లులకి టెన్షన్ వాళ్లకంటే ఎక్కువ.

నాలుగో ప్లాట్‌ఫాం · ఆదివారం సాయంత్రం 6:52

అక్కా, ఇది చదువుతుంటే నా చెయ్యి కూడా గాల్లో ఆగిపోయింది.

అకారాది మాస్టారు · ఆదివారం రాత్రి 8:15

అమ్మా, మీరిచ్చిన లెక్క కాగితం మీద వేసుకున్నాను. ఒకటి గమనించారా? ర, రి, రు, రె, రొ. వాటితో ఒక్క పద్యం కూడా లేదు!

అది యాదృచ్ఛికం కాదు. అచ్చ జపనీస్ మాట ఏదీ రకారంతో మొదలుకాదు. ఆ వరుసలో ఉన్నవన్నీ చైనా నుంచో పడమటి దేశాల నుంచో వచ్చిన మాటలే. ఆ పద్యాలు అచ్చ జపనీస్‌లో రాసినవి. మరి ర ఎక్కడి నుంచి వస్తుంది?

మూల ద్రావిడంలోనూ ఇదే కట్టుబాటు. తమిళంలో ఇరండు, ఉరల్. మన తెలుగులో మాత్రం అచ్చూ హల్లూ చోట్లు మార్చుకుని రెండు, రోలు అయ్యాయి. లేకపోతే మన నిఘంటువులో కూడా రకారం పుటలు తత్సమాలతోనే నిండేవి.

ఇప్పుడు మీరందరూ కలిసి ర అరలోకి పాటలు తెచ్చి పెట్టండి చూద్దాం. అచ్చ జపనీస్ మాట ఒక్కటైనా దొరుకుతుందేమో.

నిద్రలేని మికు · ఆదివారం రాత్రి 8:40

ఛాలెంజ్ యాక్సెప్టెడ్ మాస్టారూ.

ర: లవ్ మెషీన్, మోర్నింగ్ ముసుమె, 1999. ఇంగ్లీషు. పోయింది.
రి: లిండా లిండా, బ్లూ హార్ట్స్, 1987. పోయింది. "రింగొ నొ ఉత", ఆపిల్ పాట... రింగొ జపనీస్ మాటే కదా?
రు: రూజు నొ దెంగొన్, 1975. రూజు అంటే లిప్‌స్టిక్, ఫ్రెంచ్. పోయింది.
రె: లెమన్. పోయింది.
రొ: "రొమన్ హికో". ఫ్రెంచ్ "రొమాన్" లోంచి వచ్చిన మాట, పైగా కాంజీ వేషం వేసుకుంది.

అకారాది మాస్టారు · ఆదివారం రాత్రి 8:58

రింగొ కూడా చైనా నుంచి దిగిన మాటే నాయనా.

ఒసాకా కోడలు · ఆదివారం రాత్రి 9:10

మాట ఎక్కడిదైతేనేం, ఆ ఆపిల్ పాట 1945లో యుద్ధం ముగిసిన రెండు నెలలకే సినిమాలో వచ్చింది. తినడానికి తిండి లేని రోజుల్లో ఎర్రటి ఆపిల్ పండు మీద పాట! మా అత్తగారి తల్లి ఎనభై దాటినా కూరగాయలు తరుగుతూ అదే పాడుకునేది.

ఇక రొ అరలో మా ఊరి పాట ఒకటి ఉంది. "రొక్కో ఒరొషి". రొక్కో కొండల మీంచి వీచే గాలి. హన్షిన్ టైగర్స్ బేస్‌బాల్ జట్టు పాట. మా ఆయన నిద్రలో కూడా పాడగలడు. దీని అసలు పేరు మాత్రం "హన్షిన్ టైగర్స్ నొ ఉత". అంటే హ అర. 1936లో పుట్టినప్పుడు జట్టు పేరు ఒసాకా టైగర్స్, కాబట్టి అప్పుడు ఒ అర. పాట ఎత్తుగడే "రొక్కో ఒరొషి" కాబట్టి జనం నోట రొ. ఒక పాటకి మూడు ఇళ్లు.

అకారాది మాస్టారు · ఆదివారం రాత్రి 9:22

త్యాగయ్య కృతులకు ఆయన పేర్లు పెట్టాడా ఏమిటి? పల్లవి ఎత్తుగడే పేరు. "ఎందరో మహానుభావులు" వెతకాలంటే ఎకారంలోకే పోతాం. మీ బేస్‌బాల్ జనానిది మన పద్ధతే.

ఒసాకా కోడలు · ఆదివారం రాత్రి 9:35

ఫురుసతొ కూడా అంతే మాస్టారూ. సగం మందికి దాని పేరు గుర్తుండదు, "ఉసగి ఒఇషి" పాట అంటారు. ఆ కొండల్లో కుందేళ్ల వెంటపడ్డాం అని మొదలవుతుంది. పాత వ్యాకరణంలో ఒఇషి అంటే "తరిమిన". ఇవాళ్టి పిల్లలకి "ఒఇషీ" అంటే "రుచిగా ఉంది". మా చిన్నది రెండో తరగతిలో ఆ పాట నేర్చుకొచ్చి, "అమ్మా, కుందేలు నిజంగా అంత బాగుంటుందా?" అని అడిగింది. తను ఒక్కతే కాదులెండి, ఈ దేశంలో తరతరాల పిల్లలు అలాగే విన్నారట.

వీణ తీగ · సోమవారం మధ్యాహ్నం 1:15

కొత్త సభ్యురాలిని, నగోయాలో చదువుకుంటున్నాను. మా వీధి సూపర్‌మార్కెట్‌లో మూసే వేళ ఒక ట్యూన్ వేస్తారు. అది వినగానే అందరూ బుట్టలు పట్టుకుని బిల్లు కౌంటర్ వైపు నడుస్తారు. నేను వీణ నేర్చుకున్నాను కాబట్టి వరస పట్టుకోగలను, పేరే తెలియదు. రూమ్మేట్ "హొతరు నొ హికరి" అంది. మిణుగురు పురుగుల వెలుగు అని అర్థమట. హొ అరలో వెతికి విన్నాను. స్వరాలు అవే, తాళం మాత్రం కుదరడం లేదు. పాటలో నాలుగు, దుకాణంలో మూడు. నా చెవిదే తప్పా?

ఒసాకా కోడలు · సోమవారం సాయంత్రం 4:40

మీ చెవికి దండం పెట్టాలి తల్లీ. చాలామంది జపాన్‌వాళ్లకే ఈ సంగతి తెలియదు.

హొతరు నొ హికరి 1881 నాటి బడి పాట. స్కాట్లాండ్ జానపద వరసకి జపనీస్ మాటలు కట్టారు. బడి చివరి రోజున వీడ్కోలుకి పాడతారు. అది నాలుగు. దుకాణాల్లో మామూలుగా వేసేది "వకరె నొ వరుౘు", వీడ్కోలు వాల్ట్జ్. యుద్ధం తర్వాత ఒక అమెరికన్ సినిమాలో అదే వరస మూడు నడకలో వచ్చి ఇక్కడ జనానికి నచ్చేసింది. అలాంటి రికార్డు కావాలని కంపెనీవాళ్లు ఒక సంగీత దర్శకుడితో కట్టించారు. రికార్డు మీద పేరు మాత్రం యూజీన్ కాస్‌మన్ అని తెల్లదొర పేరు వేశారు. అసలు మనిషి కొసెకి యూజి. ఆ పేరే దొరలా పలికారంతే!

కాబట్టి మీ పాట హొ కాదు, వ అర. ఆ కొసెకి యూజి ఎవరనుకున్నారు? రొక్కో ఒరొషికి బాణీ కట్టింది ఆయనే. మా ఇంట్లో ఆ పాట అయ్యాకే టీవీ ఆపేది.

వీణ తీగ · సోమవారం సాయంత్రం 5:02

అమ్మయ్య. వారం నుంచి రూమ్మేట్‌తో వాదిస్తున్నాను. ఇవాళ రాత్రి పాలు కొనే పని ఉంది, కావాలని మూసే వేళకే వెళ్తాను.

నిద్రలేని మికు · సోమవారం రాత్రి 11:30

ఒ అరలో పెద్దదాన్ని మర్చిపోయారు అందరూ. "ఒయొగె! తైయకి కున్". ఈదరా తైయకీ అని. 1975లో వచ్చింది, 45 లక్షలకు పైగా అమ్ముడైంది. జపాన్‌లో అంతకంటే ఎక్కువ అమ్ముడైన సింగిల్ రికార్డు లేదు. తైయకి అంటే చేప ఆకారం అచ్చులో కాల్చే తీపి, లోపల ఎర్ర గింజల పూర్ణం. రోజూ పెనం మీద కాలి కాలి విసుగొచ్చి సముద్రంలోకి దూకేస్తుంది. చివర్లో ఏమవుతుందో చెప్పను, నాకు చిన్నప్పుడు ఏడుపొచ్చింది.

ఒకటి అడగనా? "న్" అర ఖాళీగా వదిలేద్దామా?

అకారాది మాస్టారు · మంగళవారం ఉదయం 6:10

ఖాళీయే. ఒకినావా మాటల్లో న్ మొదటికి వస్తుంది కానీ మామూలు జపనీస్‌లో రాదు. అందుకే వాళ్ల అంత్యాక్షరి, అదే షిరితొరి, ఆటలో న్‌తో ముగిసే మాట అన్నవాడు ఓడిపోయినట్టు. ఎదుటివాడికి ఎత్తుకోవడానికి ఏమీ మిగలదు కదా.

నాలుగో ప్లాట్‌ఫాం · శనివారం రాత్రి 12:35

నిన్న మళ్లీ తీసుకెళ్లారు. ఈసారి రిమోట్ నేనే లాక్కున్నాను. "ఉ" నొక్కాను, అసలు పాటే వచ్చింది. మధ్యలో ఈలపాట వచ్చే చోట మా మేనేజర్ గారు కూడా గొంతు కలిపారు, అంటే ఈల కలిపారు. పాట అయ్యాక ఆయన నా వైపు తిరిగి, మీ భాష పాట ఒకటి చెప్పు, ఏ అక్షరం కింద వెతకాలి అన్నారు. 2022 అక్టోబరులో ఇక్కడ విడుదలైన సినిమా దెబ్బకి ఆయనకి తెలిసిన తెలుగు మాట ఒకటే ఉంది. "నాటు". దాన్ని పోస్టర్ల మీద కటకానాలో న పక్కన దీర్ఘం గీత గీసి, తొ పక్కన బుల్లి ఉ పెట్టి రాశారు. న అర అని చెప్పాను.

సార్ట్ ఫంక్షన్ గారూ, మన పట్టికలో అది నద సోసోకి ముందా, వెనకా?

సార్ట్ ఫంక్షన్ · శనివారం రాత్రి 12:41

ముందే. దీర్ఘం గీత విప్పితే న, అ, తొ, ఉ. నద సోసోలో రెండో అక్షరం చుక్కలు తీస్తే త. అ ముందు, త వెనక. మా ఆవిడ నిద్రపోయింది, ఎవరికి చెప్పుకోను!